వర్క్ ఫ్రమ్ హోమ్: ఏకబిగిన చేసేయడం మేలా, ముక్కలు ముక్కలుగానా?

ఈ నెలలోనే నలుగురు అడిగారు ఇది, అందరిదీ ఒకటే గోల, రోజంతా ఇంట్లోనే ఉంటున్నా ఇంట్లో ఉన్నట్టు లేదని. పనికి వేరే టేబుల్ వేసుకోండి, నోటిఫికేషన్లు ఆపేయండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. తొమ్మిదికి కూర్చుని ఆరింటికి లేచిపోవడం ఒక పద్ధతి. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం రెండు, పిల్లలు పడుకున్నాక ఇంకో మూడు, ఇది రెండోది. నేను రెండోది ఏడాదిన్నర చేసి ఈమధ్యే మొదటిదానికి మారాను, కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ఈపాటికే తెలిసిపోయుంటుంది.

ముందు ముక్కల పద్ధతి గురించి మంచే చెప్తా. బ్యాంకు పనికీ స్కూల్ మీటింగుకీ లీవు అడగక్కర్లేదు, పెద్దవాళ్లని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. టీమ్‌లో సగం మంది వేరే టైమ్ జోన్‌లో ఉంటే ఇంకో దారి కూడా ఉండదు. పైగా మధ్యాహ్నం ఎండ తగ్గాక ఓ గంట నడిచొచ్చి మళ్లీ కూర్చుంటే బుర్ర తేటగా ఉంటుంది, ఏకబిగిన చేసేవాళ్లకి మూడు దాటాక మిగిలేది కుర్చీలో కూర్చోవడం ఒక్కటే, అది నేను ఇప్పుడు రోజూ అనుభవిస్తున్నా.

కానీ నేను అప్పట్లో లెక్కలో వేసుకోనిది ఒకటుంది, పనిలోంచి బయటికి రావడం కూడా ఒక పనే. ఏకబిగిన చేసేవాడు అది రోజుకోసారి చేస్తాడు, ముక్కలవాడు మూడుసార్లు చేయాలి. మనిషి లేస్తాడు, బుర్ర లేవదు. సోఫీ లెరాయ్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 2009లో దీనిమీదే పేపర్ రాశారు, సగంలో వదిలేసిన పని తాలూకు ధ్యాస తర్వాతి పనిలోకి కూడా వెంటబడి వస్తుందని, దాన్నే ఆవిడ అటెన్షన్ రెసిడ్యూ అన్నారు. ఆవిడ చూసింది ఒక పని నుంచి ఇంకో పనికి మారడం గురించి, నాకైతే పనిలోంచి ఇంట్లోకి మారడానికి కూడా అచ్చంగా సరిపోయింది.

సాయంత్రం అయిదున్నర నా గ్యాప్ టైమ్. పాప లెక్కల పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చునేది, నలభై ఎనిమిదిలోంచి పంతొమ్మిది పోతే ఎంత నాన్నా అంటే ఇరవై తొమ్మిది అని చెప్పేవాణ్ని, జవాబు కరెక్టే, కళ్లు మాత్రం లాప్‌టాప్ మీదే ఉండేవి. మూత పూర్తిగా వేసేవాణ్ని కాదు, నాలుగు వేళ్ల సందు ఉంచేవాణ్ని. ఓరోజు చూస్తే ఆ సందులో తన పెన్సిల్ నిలబెట్టి ఉంది, ఇదేంటి అంటే, "మూత పడిపోతే నువ్వు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలిగా" అంది. మారిపోవాలని నాకు ఆ రోజే అనిపించింది.

ఇంకో చిక్కు, పని గంటల తర్వాత ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు గురించి ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచే చట్టం ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. బానే ఉంది, కానీ చట్టమైనా మన మేనేజరైనా "పని గంటల తర్వాత" అనాలంటే ముందు ఆ గంటలు ఎక్కడ ఆగాయో కనపడాలి కదా. రాత్రి పదింటికి ఆఫీసు చాట్‌లో నా పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు పచ్చ చుక్క వెలుగుతుంటే నేను మధ్యాహ్నం ఖాళీగా ఉన్నానని ఎవరు గుర్తుపెట్టుకుంటారు, పదకొండింటికి మెసేజ్ పెడతారు, తప్పు వాళ్లది కూడా కాదు.

కో-వర్కింగ్ స్పేస్, అంటే అద్దెకి డెస్కు ఇచ్చే చోటు, దాని గురించి కూడా అడిగారు, డబ్బులుంటే వెళ్లండి, కాకపోతే అది మళ్లీ ఆఫీసే. హైబ్రిడ్, అంటే కొన్ని రోజులు ఆఫీసు కొన్ని రోజులు ఇల్లు అంటారా, అది మన చేతిలో ఉండదు.

చంటిపిల్లలున్నవాళ్లకీ, మంచాన ఉన్న మనిషిని చూసుకునేవాళ్లకీ ఏకబిగిన కుదరదు, వాళ్లకి నేను చెప్పేది ఒకటే, మూడు ముక్కలు వద్దు, రెండు చాలు, లేచే ముందు ఒక్క నిమిషం ఆగి ఎక్కడ ఆపారో, వచ్చాక మొదట ఏం చేయాలో రాసి పెట్టండి. లెరాయ్ ఇంకొకరితో కలిసి 2018లో చూపించింది కూడా ఇదే, ఆ చీటీ రాస్తే వెంటబడే ధ్యాస తగ్గుతుందని. నేనూ ఆరింటికి పది నిమిషాల ముందు రాస్తా, నిన్నటిది: "మూడో షీట్, వరుస 41, టోటల్ తేడా, ముందు పాత ఫైల్ చూడు." అంతే, మూత పూర్తిగా వేసేస్తా. వారంలో రెండు రోజులు రాత్రి కాల్స్ తప్పవు నాకు, ఆ రోజుల్లో పొద్దున అసలు లాగిన్ అవ్వను, పన్నెండింటికి మొదలుపెడతా, అదీ ఏకబిగినే.