డిఫెండర్‌తో ఇన్నేళ్లు: పర్లాకిమిడిలో మా ఇంటి కంప్యూటర్ అనుభవం

మా ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనడం మానేసి చాలా ఏళ్లయింది. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఒక్కటే నడుస్తోంది. అది సరిపోతుందా అని చుట్టాలు, చుట్టుపక్కలవాళ్లు అడుగుతూనే ఉంటారు. సరిపోతుంది. కాకపోతే వచ్చింది వచ్చినట్టు వదిలేస్తే చాలదు.

ముందు మా వాడకం సంగతి. ఒకే సిస్టమ్ మీద నేను, మా ఆవిడ, కాలేజీకి వెళ్లే మా అబ్బాయి, మా నాన్నగారు కూర్చుంటాం. పొలాలు కొన్ని ఇటు ఒడిశాలో, కొన్ని అటు ఆంధ్రలోని పాతపట్నం వైపు. కాబట్టి ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్ నుంచి తీసుకున్న పట్టా కాపీలు, ఆంధ్ర సైటు మీభూమి అడంగళ్లు, ఇంటిల్లిపాది ఆధార్ స్కాన్లు, పెళ్లి ఫొటోలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇవి పోతే రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మా ఊళ్లో చాలా ఇళ్లకి వైరస్ వచ్చే దారి జిరాక్స్ షాపు. ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ ఇస్తాం, అక్కడి కంప్యూటర్‌లో పొద్దుట్నుంచి వందమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీస్తారు. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ ఒక్కో బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కేబీ చూపిస్తుంది. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. నొక్కితే వైరస్ నడుస్తుంది. అసలు ఫోల్డర్లని అది దాచేసి ఉంటుంది. మా అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించి తెచ్చిన పెన్‌డ్రైవ్ ఇలాగే వచ్చింది. పెట్టగానే కుడివైపు కింద డిఫెండర్ హెచ్చరిక వచ్చింది, షార్ట్‌కట్లని తీసి క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా బంధించి ఉంచే చోట, పడేసింది. ఫైళ్లు పోయాయని వాడు కంగారు పడ్డాడు గానీ, కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే నల్ల విండోలో) యాట్రిబ్ (attrib) కమాండ్‌తో దాచిన ఫోల్డర్లు బయటికొచ్చాయి. ఇలాంటప్పుడు భయపడి ఫార్మాట్ కొట్టకండి, ఫైళ్లు సాధారణంగా అక్కడే ఉంటాయి.

రెండో దారి క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా వాడేలా తాళం పగలగొట్టిన దొంగ కాపీ. తెలుగు, ఒడియా రెండూ టైపు చేయాల్సిన ఊరు మాది. ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కొనలేక నెట్‌లో క్రాక్ వెతుకుతారు. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని అక్కడ రాసి ఉంటే నిజంగానే ఆపేస్తారు. ఇంటి తలుపు మనమే తీసి పెట్టాక ఏ కాపలా పనికొస్తుంది? చెప్పాలంటే మామూలు ఉత్తరాలకి, దరఖాస్తులకి ఆ క్రాక్ అవసరమే లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు, ఒడియా ఫొనెటిక్ కీబోర్డులు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. మా ఆవిడ ఒకటి రెండు రోజుల్లో అలవాటు పడింది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇన్నేళ్లలో మమ్మల్ని డిఫెండర్ కన్నా ఎక్కువ కాపాడింది స్టాండర్డ్ అకౌంట్. అంటే సిస్టమ్‌ని మార్చే హక్కు లేని మామూలు అకౌంట్. కొత్త కంప్యూటర్‌లో మొదట తెరిచే అకౌంట్ అడ్మిన్‌ది, దానికి అన్ని హక్కులూ ఉంటాయి. ఇంట్లో అందరూ దాంట్లోనే పనిచేస్తారు కాబట్టి ఏదైనా పొరపాటున నొక్కితే అది సిస్టమ్ మొత్తాన్ని పట్టుకోగలదు. నేను వేరే అడ్మిన్ అకౌంట్ పెట్టి, దానికి గట్టి పాస్‌వర్డ్ ఇచ్చి, రోజూ వాడే అకౌంట్లన్నీ స్టాండర్డ్‌కి మార్చాను, నాది కూడా. సిస్టమ్‌ని ముట్టుకునే ఏ ప్రోగ్రామ్ ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. "నాన్నా, పాస్‌వర్డ్ కొట్టు" అని మా వాడు పిలిచినప్పుడల్లా ఏం ఎక్కిస్తున్నాడో ఒక్క నిమిషం ఇద్దరం చూస్తాం. ఆ ఒక్క నిమిషంలోనే ఎన్నో చెత్త ప్రోగ్రాములు ఆగిపోయాయి.

అయితే రాన్సమ్‌వేర్‌కి, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌కి, ఇది చాలదు. మన ఫైళ్లని తాళం వేయడానికి దానికి అడ్మిన్ హక్కు అక్కర్లేదు, మన హక్కే చాలు. అందుకే డిఫెండర్ సెట్టింగులుండే విండోస్ సెక్యూరిటీ యాప్‌లో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కిందున్న కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేశాను. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రామ్ ఏదీ రాయలేదు. దీంతో చిరాకూ ఉంది. మా పాత స్కానర్ ప్రోగ్రామ్ స్కాన్ చేసి సేవ్ చేయబోతే "ఫైల్ దొరకలేదు" అన్నట్టు ఏదో ఎర్రర్ ఇచ్చేది, అసలు కారణం చెప్పేది కాదు. అనుమతించిన ప్రోగ్రాముల జాబితాలో చేర్చాక సరిపోయింది. ఇలాంటివి మొదట్లో నాలుగైదు వస్తాయి, ఓపిక పట్టండి.

ఇంకో లోటు వేగం. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్నప్పుడు స్కాన్ మొదలైతే సిస్టమ్ నత్తనడకే. దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించాక ఆ బాధ తప్పింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు ఒకటి గమనించాలి: డేటా ఆదా కోసం సెట్టింగుల్లో కనెక్షన్‌ని మీటర్డ్ అని పెడితే విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగిపోతాయి. అది ఎంత ప్రమాదమో చూడండి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి.

డిఫెండర్ ఆపలేనిది మనిషి గొంతు. ఒకరోజు నాన్నగారు రైలు టైములు చూస్తుంటే స్క్రీన్ నిండా ఎర్రటి పేజీ, బీప్ మోత. "ఒరే, కంప్యూటర్ లాకైందటరా, ఈ నంబరుకి ఫోన్ చెయ్యమంటోంది" అని పిలిచారు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేశాను, అంతే. ఆ నంబరుకి చేసినవాళ్ల చేత దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ యాప్ ఎక్కించి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ 1930 నంబరు రాసి మానిటర్ పక్కన అంటించాను.

ముఖ్యమైన కాగితాల కాపీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉంచి, కాపీ అవగానే వైరు తీసేస్తాం. తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

విండోస్ 10 వాళ్లకి ఒక మాట. దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. డిఫెండర్ వైరస్ జాబితా 2028 దాకా వస్తుందట కదా అని ఊరుకోకండి, జాబితా కొత్తదైనా విండోస్‌లో పడ్డ రంధ్రాలు అది పూడ్చదు. విండోస్ 11 ఎక్కని మా పాత ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని ఆపేశాం. ఇప్పుడది నెట్ లేకుండా ఫొటోలు చూడటానికే.