నడుస్తూ నడుస్తూ ఆగిపోయే క్వాడ్: 250 సీసీ ఏటీవీ, కొన్నేళ్ల వాడకం తర్వాత

వికారాబాద్ దగ్గర మా మామిడి తోటలో తిరగడానికి 2021లో ఈ క్వాడ్ (ఏటీవీ అని కూడా అంటారు, బైకులా హ్యాండిల్ పట్టి నడిపే నాలుగు చక్రాల బండి) కొన్నాను. చైనా నుంచి విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించి అమ్మే రకం. బ్రాండ్ పేరు రాయడం లేదు. అదే ఇంజిన్‌ని, అదే వైరింగ్‌ని ఐదారు రకాల స్టిక్కర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు తెలిసినా మీకు ఒరిగేదేమీ ఉండదు. ఎయిర్ కూల్డ్ ఇంజిన్, కార్బరేటర్, చేతి క్లచ్, ఒక రివర్స్ గేరు, సెల్ఫ్‌తో పాటు కిక్కు. రోడ్డు మీదికి తీసుకెళ్లే కాగితాలేవీ ఉండవు, సొంత భూమిలో తిప్పుకోవాల్సిందే.

ముందు మంచి చెప్పాలి. వానాకాలంలో ఆ ఎర్రమట్టిలో బైకు ఒక్క అడుగు ముందుకు పోదు, ట్రాక్టరు పోతే చెట్ల వరసల మధ్య గాళ్లు పడతాయి. ఇది రెండింటి మధ్యలో దూరిపోతుంది. డ్రిప్పు పైపుల చుట్టలు, ఎరువు బస్తా, మందు డబ్బాలు వెనక క్యారియర్ మీద కట్టుకుని గట్టు ఎక్కేస్తుంది. ఇంజిన్‌కి బలం తక్కువేం కాదు. సస్పెన్షన్ మాత్రం దండగ, బ్రేకులు ఫరవాలేదు, సీటు ఎండకు పగిలింది. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒక్కటే: చెప్పాపెట్టకుండా ఆగిపోవడం.

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం సులువు. అప్పుడప్పుడు ఆగే బండి మెకానిక్ ముందుకు తీసుకెళ్లగానే బుద్ధిగా నడుస్తుంది. దాంతో ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, "కార్బెటర్ల చెత్త వడ్డది సార్, సాఫ్ చేస్తే అయిపోతది." సాఫ్ చేస్తాడు, డబ్బులు తీసుకుంటాడు, వారం తర్వాత గట్టు మీద బండి మళ్లీ ఆగుతుంది. అప్పుడు సీడీఐ (స్పార్క్‌ని నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చమంటాడు. ఆ తర్వాత కాయిల్ అంటాడు. ఇలా మారుస్తూ పోతే ఏదో ఒకనాటికి అసలు భాగం మారుతుంది, కాదనను. ఈలోగా పెట్టిన డబ్బుతో ఇంకో పాత బండి వస్తుంది.

ఈ బండిలో నేను చూసింది ఒక లోపం కాదు, మూడు. మూడూ వేర్వేరు సీజన్లలో వచ్చాయి, మూడింటికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే. ఆగిన తీరు జాగ్రత్తగా గమనిస్తే మాత్రం తేడా తెలుస్తుంది. కరెంటు పోతే స్విచ్ కట్టేసినట్టు టక్కున చస్తుంది. పెట్రోల్ అందకపోతే అలా చావదు. ముందు లాగుడు తగ్గుతుంది, మిస్సింగ్ కొడుతుంది, యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ ఇంకా నీరసపడుతుంది, చోక్ లాగితే ఒక్క నిమిషం తేరుకుని మళ్లీ పడుకుంటుంది. గుర్తుంచుకోవాల్సిన మొదటి ముక్క ఇదే.

మొదటి లోపం కుదుపులకు వచ్చేది. ముఖ్యంగా హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పి గుంతలో దిగినప్పుడు టక్కున ఆగేది, వెంటనే మళ్లీ స్టార్ట్ అయ్యేది. నా బండిలో ఉన్నది ఏసీ సీడీఐ. అంటే ప్లగ్గుకు కావలసిన శక్తి బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్‌తో పాటు తిరిగే మ్యాగ్నెట్ లోపల ఉండే ఎక్సైటర్ కాయిల్ నుంచి వస్తుంది. ఈ రకంలో ఇంజిన్‌ని ఆపే కిల్ స్విచ్ కరెంటును తెంచదు, ఒక తీగను ఎర్త్‌కు తాకిస్తుంది. నా బండిలో అది నలుపు మీద తెల్లగీత ఉన్న తీగ. ఈ తీగ దారిలో ఎక్కడ తోలు లేచి ఫ్రేముకు తగిలినా ఇంజిన్ ఆగిపోతుంది. డీసీ సీడీఐ ఉన్న బండ్లలో వ్యవహారం తలకిందులు: అక్కడ బ్యాటరీ నుంచి వచ్చే తీగ వదులైతే, స్విచ్ కాంటాక్టు తుప్పు పడితే ఆగుతుంది. మీది ఏ రకమో తేల్చుకోవాలంటే కిక్కు ఉన్న బండిలో బ్యాటరీ విప్పి పక్కన పెట్టి కిక్ కొట్టి చూడండి. ప్లగ్గుకు కరెంటు వస్తే ఏసీ రకం. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బ్యాటరీ విప్పకండి, రెగ్యులేటర్, బల్బులు పోతాయి.

పరీక్ష చిన్నదే. సీడీఐ దగ్గర ఆ నలుపు-తెలుపు తీగ ఒక్కటే విడదీసి తోటలో కాసేపు తిప్పాను. ఎన్ని గుంతల్లో దింపినా ఆగలేదు. అంటే తప్పు కిల్ తీగలోనో, దానికి తగిలించిన తాళం, స్విచ్, తాడు లాగితే ఆగే స్విచ్‌లలోనో ఉన్నట్టు. ఈ పరీక్ష చేసేటప్పుడు తాళం తిప్పినా బండి ఆగదని మర్చిపోవద్దు. గేర్లో పెట్టి బ్రేకు మీద క్లచ్ వదిలి ఆపాలి, లేదా పెట్రోల్ కాక్ కట్టేయాలి. పిల్లలు దగ్గర ఉన్నప్పుడు అసలు చేయొద్దు. వెతగ్గా వెతగ్గా స్టీరింగ్ రాడ్ పక్కన వైర్ల కట్ట ఫ్రేముకు రాసుకుని తోలు లేచిన చోటు దొరికింది. టేపు చుట్టి వదిలేస్తే మళ్లీ అరుగుతుంది. కట్ట దారి మార్చి, పైన పైపు తొడిగి, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పినా లాగుడు పడకుండా క్లిప్పులు వేశాను. తర్వాత ఆ బాధ లేదు.

రెండోదే అసలైన తలనొప్పి. ఎండాకాలం మొదలయ్యాక వచ్చింది. అరగంట, ముప్పావుగంట బాగా తిరిగాక, సరిగ్గా ఎక్కుడులో, టక్కున పోయేది. సెల్ఫ్ తిరిగేది, లైట్లు వెలిగేవి, స్టార్ట్ మాత్రం అయ్యేది కాదు. చెట్టు నీడలో పెట్టి టీ తాగి వస్తే ఏమీ ఎరగనట్టు ఒక్క కిక్కుకే లేచేది. ప్లగ్గు విప్పి చూద్దామనుకుంటే పానా వెతికేలోపే చల్లారి బాగైపోయేది.

ఇక్కడే నా డబ్బు వసూలైన పరికరం గురించి చెప్పాలి. ప్లగ్గుకూ దాని క్యాపుకూ మధ్య తగిలించే చిన్న నియాన్ దీపం దొరుకుతుంది, స్పార్క్ టెస్టర్ అంటారు. కొన్ని వందల రూపాయల వస్తువు. స్పార్క్ పడ్డ ప్రతిసారీ మినుక్కుమంటుంది. పగటి వెలుగులో సరిగ్గా కనపడదు కాబట్టి పొద్దుగూకే వేళ తిప్పాలి. ఆటోమేటిక్ బెల్టు గేరున్న క్వాడ్‌లో ఇంజిన్ చస్తే ఇంజిన్ తిరగడం కూడా ఆగిపోతుంది. నాది చేతి క్లచ్ కాబట్టి గేర్లో ఉన్నంతసేపు చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతూ ఉంటాయి. వాలులో దిగుతుండగా ఆగిన క్షణంలో క్లచ్ పట్టకుండా తోటపని చూసే కుర్రాణ్ని పక్కన పరిగెత్తుతూ దీపం చూడమన్నాను. "లైట్ బంద్ అయింది సార్!" అని అరిచాడు. అంతే, పెట్రోల్ గొడవ పక్కకు పోయింది. కార్బరేటర్‌ని ఇంకోసారి విప్పాల్సిన పని లేదు.

తర్వాతి పని మల్టీమీటర్‌ది. మామూలు డిజిటల్ మీటరు చాలు, ఖరీదైనది అక్కర్లేదు. కానీ అది ఇంట్లో బీరువాలో ఉంటే లాభం లేదు, సీటు కింద ఉండాలి. నా బండిలో సీడీఐకి వచ్చే తీగలు ఇలా ఉన్నాయి: నలుపు-ఎరుపు ఎక్సైటర్ కాయిల్‌ది, నీలం-తెలుపు పికప్ కాయిల్‌ది (స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పేది), నలుపు-పసుపు ఇగ్నిషన్ కాయిల్‌కి పోయేది, పచ్చది ఎర్త్. చాలా చైనా బండ్లలో ఇవే రంగులు, అయినా మీ బండిలో సరిచూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు నలుపు-ఎరుపుకూ పచ్చకూ మధ్య 400 ఓమ్‌ల దరిదాపుల్లో చూపించింది, పికప్ 150కి అటూఇటూ. రెండూ బాగున్నట్టే లెక్క. మెకానిక్ కూడా ఇదే చూసి కాయిల్స్ ఓకే అన్నాడు, ఆయన్ని తప్పు పట్టను. చల్లటి కాయిల్ చెప్పేది అంతే.

వేడెక్కి ఆగినప్పుడు, అక్కడికక్కడే, తోటలోనే జాయింటు విప్పి మీటరు పెట్టాను. పికప్ కొంచెం పెరిగింది, అది సహజం, రాగితీగ వేడికి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎక్సైటర్ మాత్రం ఏమీ చూపలేదు, పూర్తిగా ఓపెన్. చల్లారుతుంటే మీటరు పట్టుకునే కూర్చున్నాను. ఒక్కసారిగా అంకె మళ్లీ వచ్చింది. లోపల వెంట్రుకంత సన్నని ఎనామిల్ తీగ ఎక్కడో తెగి, చల్లగా ఉంటే కలిసి, వేడికి విడిపోతోందన్నమాట. ఇంటికొచ్చి కవర్ విప్పి కాయిల్ బయటికి తీసి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే బల్ల మీద కూడా అదే నాటకం ఆడింది. అనుమానం పూర్తిగా తీరింది.

మోటార్ వైండింగ్ షాపులో అడిగితే బోరు మోటార్లు చుట్టే ఆయన ఆ తీగ చూసి నవ్వాడు. అంత సన్నది మాతో కాదన్నాడు. ఈ కాయిల్స్ బిగించి ఉండే స్టేటర్ ప్లేటే కొత్తది తెప్పించాను. కొనేటప్పుడు సీసీ ఒక్కటే చెప్తే కుదరదు. పాత ప్లేటు మీద ఎన్ని కాయిల్స్ ఉన్నాయో లెక్కపెట్టాలి, బయటి వ్యాసం, బోల్టుల మధ్య దూరం, కనెక్టర్ ఆకారం కొలవాలి. ఈ ఇంజిన్లలో ఆ పక్క కవర్ లోపల ఆయిల్ ఉంటుంది, ముందు ఆయిల్ దింపాలి, కొత్త గాస్కెట్ దగ్గర పెట్టుకోవాలి. మ్యాగ్నెట్ లాగుతుంది కాబట్టి కవర్ తేలిగ్గా రాదు. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే అల్యూమినియం అంచు పాడై జన్మంతా ఆయిల్ కారుతుంది. తిన్నగా లాగాలి.

ఆ వేసవి నుంచి ఇప్పటిదాకా ఎండలో ఎంత తిప్పినా వేడికి ఆగడం లేదు.

మూడోది పెట్రోల్ వైపు నుంచి వచ్చింది, వానల్లో. ఈసారి టక్కున ఆగలేదు, మెల్లగా నీరసించి ఆగింది. నియాన్ దీపం వెలుగుతూనే ఉంది. ట్యాంకు మూత తిప్పగానే 'స్స్' మని గాలి లోపలికి పోయింది. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఎర్రదుమ్ము, వాన కలిసి గడ్డకట్టి మూసుకుపోయింది. పెట్రోల్ దిగేకొద్దీ ట్యాంకులో గాలి తక్కువై, చివరికి దిగడమే మానేస్తుంది. సూదితో పొడిచి, సబ్బునీళ్లతో కడిగి, నోటితో ఊది చూస్తే సరిపోయింది. పైసా ఖర్చు లేదు.

అది సరిచేసినా అడపాదడపా నత్తి పోలేదు. కార్బరేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు వేరుగా కనిపించాయి. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ రావడం మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్లతో కలిసి విడిపోయి కిందికి దిగుతుంది. రోజూ నడిచే స్కూటర్‌కి ఇది పెద్ద సమస్య కాదు. పంట పనులు లేనప్పుడు నెలల తరబడి షెడ్డులో ఉండే క్వాడ్‌కి సమస్యే. ఇప్పుడు బండి పక్కన పెట్టే ముందు కాక్ కట్టేసి, కార్బరేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపుతాను. పాత రబ్బరు పైపు మెత్తబడితే దాన్ని కూడా మార్చేశాను, సైలెన్సర్‌కి దూరంగా తిప్పాను.

దారిలో ఇంకొన్ని చూశాను, దోషం దొరకలేదు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ప్లగ్గు డీ8ఈఏ రకం, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ప్లగ్గు క్యాప్ తీగకు మరలాగా బిగుస్తుంది, వదులైతే కుదుపులకు కరెంటు పోతుంది, విప్పి తీగ చివర కొద్దిగా కోసి బిగించుకుంటే మంచిది. ఇంజిన్ నుంచి ఫ్రేముకు పోయే ఎర్త్ తీగ కింద పెయింటు ఉంటే గీకేయాలి. వాల్వు సందు మరీ బిగిసినా వేడికి కంప్రెషన్ పోయి ఆగొచ్చు, కాకపోతే అప్పుడు దీపం వెలుగుతూనే ఉంటుంది.

డల్లాస్ దగ్గర ఉండే మా బావమరిది దగ్గర ఇంజెక్షన్ క్వాడ్ ఉంది, అంటే కార్బరేటర్ బదులు కంప్యూటర్ పెట్రోల్ అందించి, తప్పు వస్తే కోడ్ చూపే రకం. ఇవన్నీ చెప్తే, "బావా, నా బండికి కోడ్ చూసుకుంటే చాలు" అన్నాడు. కొంతవరకు నిజమే. ఐతే అలాంటి బండ్లలో ఆపేసే భద్రతా ఏర్పాట్లు ఇంకా ఎక్కువ. బోల్తా పడితే ఆపే సెన్సార్ ఉంటుంది, అది వదులైతే చదును నేల మీద కూడా ఆపేస్తుంది. పాత పొలారిస్ బండ్లలో యాక్సిలరేటర్ కేబుల్ సందు సరిగ్గా లేకపోతే థ్రాటిల్ దగ్గరి స్విచ్ ఇంజిన్‌ని తొక్కిపెడుతుంది. యమహా రాప్టర్‌లో పార్కింగ్ బ్రేకు స్విచ్ తప్పుగా పని చేస్తే రెవ్‌లు పైకి పోవు. రివర్స్ గేరులో వేగం పెరగనివ్వని లిమిటర్ ఉన్న బండ్లలో రివర్స్ స్విచ్ తీగ ఎర్త్ అయితే ముందుకు పోతున్నా అదే అడ్డు తగులుతుంది. ఇవేవీ ఇంజిన్ రోగాలు కావు, కాపలా స్విచ్‌ల పొరపాట్లు. కాబట్టి ఏ బండైనా ముందు అనుమానించాల్సింది స్విచ్‌లనే.

మరి కొనొచ్చా? తోట పనికి, చేతిలో మీటరు పట్టుకోవడానికి భయపడని వాళ్లకు కొనొచ్చు. ఇంజిన్ మొండిది, విడిభాగాలు చౌక, విప్పి బిగించడానికి అడ్డాలు లేవు. పిల్లల సరదాకో, గుట్టలు ఎక్కడానికో అయితే నేను ఈ రకం సూచించను. నిటారు ఎక్కుడులో ఇంజిన్ చస్తే క్వాడ్ వెనక్కి జారుతుంది, అప్పుడు కంగారులో వెనక బ్రేకు గట్టిగా నొక్కినా, హ్యాండిల్ తిప్పినా బోల్తా పడొచ్చు. ఆగిపోయే గుణం ఉన్న బండిని ఎక్కుడుకు తీసుకెళ్లడం నాకైతే ఇప్పటికీ ఇష్టం ఉండదు.

పాత బండి కొనేవాళ్లకు ఒక మాట. అమ్మేవాడు చల్లటి ఇంజిన్‌ని ఒక్క కిక్కుకు లేపి చూపిస్తాడు, దానికి మురిసిపోవద్దు. మిట్టమధ్యాహ్నం వెళ్లండి, ముప్పావుగంట ఆపకుండా తిప్పనివ్వమని అడగండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ వైర్ల కట్టను చేత్తో కదిపి చూడండి. తర్వాత ఆపి, వేడిగా ఉండగానే మళ్లీ స్టార్ట్ చేయమనండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.