‘వింటర్‌రైజె’: కౌఫ్‌మన్ వినాలా, డిడొనాటో వినాలా?

ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో స్వరపరిచిన జర్మన్ పాటల మాల ‘వింటర్‌రైజె’ (చలికాలపు ప్రయాణం)లో 24 పాటలు. ప్రేమ విఫలమైన యువకుడు చలికాలం రాత్రి ఊరు విడిచి వెళ్లిపోవడమే కథ.

2014లో వచ్చిన యోనాస్ కౌఫ్‌మన్ రికార్డింగు వినగానే ఆకట్టుకుంటుంది. టెనరే (మగవాళ్లలో హెచ్చు స్థాయి గొంతు) అయినా గొంతులో గాంభీర్యం ఉంది, హెల్మూట్ డాయిచ్ పియానోకి తొందర లేదు. ఒపెరా గాయకుడు కదా, గొంతెత్తి ఊదరగొడతాడేమో అన్న భయం అక్కర్లేదు.

ఒపెరా గాయని జాయిస్ డిడొనాటోది వేరే దారి. 2019 డిసెంబర్‌లో కార్నెగీ హాల్‌లో పాడిన కచేరీ 2021లో విడుదలైంది. పియానో యానిక్ నెజె-సెగ్యాన్. ఆ యువకుడి డైరీ ప్రియురాలి చేతికొస్తే ఎలా చదువుకుంటుంది అన్నది ఆమె ఊహ. ఆడవాళ్లు పాడటం కొత్తేమీ కాదు, లొట్టె లేమన్, క్రిస్టా లుడ్విగ్ ఎప్పుడో పాడారు. చర్చంతా ఈ ఊహ మీదే నడిచింది. కొందరు అనవసరం అంటారు. నేను ఒప్పుకోను. మొదటి పాట చివరి చరణం వినండి: మైనర్‌లో (దిగులుగా వినిపించే స్వరవరస) నడిచిన స్వరం ఒక్కసారి మేజర్‌లోకి (వెలుగుగా వినిపించేది) మారుతుంది, అతను వెళ్తూ వెళ్తూ ఆమె గేటు మీద ‘గుడ్ నైట్’ అని రాస్తానంటాడు. అది ఆ డైరీ చదివే ప్రియురాలి గొంతులోంచి వస్తే గుండె పిండేస్తుంది.

చివరి పాటలో మాత్రం నా ఓటు కౌఫ్‌మన్‌కే. పియానోలో ఎడమచేయి వదలకుండా మోగించే శ్రుతి మీద మంచులో చెప్పుల్లేని ముసలి వాయిద్యగాడు ఎదురవుతాడు. అక్కడ డైరీ కథ అడ్డొస్తుంది. ఆ మనిషిని కళ్లారా చూసినవాడే పాడాలి.