పక్కింటి నుంచి ఎలుకలొస్తుంటే: మందా, బోనా, కన్నాలు పూడ్చడమా? ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత పెంకుటిళ్ళు గోడకు గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. రెండిళ్ళకీ మధ్యగోడ ఒక్కటే. దాని నెత్తిన ఈ ఇంటి వాసాలూ ఆ ఇంటి వాసాలూ కూర్చుంటాయి. పక్కవాళ్ళు విశాఖకో చెన్నైకో వలసపోయి తాళం పడి ఏడాదైతే, వాళ్ళ అటక ఎలుకలకు పురిటిల్లు, మన వంటగది పూటకూళ్ళిల్లు. టౌన్లో ఇదే తంతు కిరాణా గోదాము పక్కన, ధాన్యం మిల్లు వెనక, జనం చెత్త పోసే ఖాళీ జాగా పక్కన నడుస్తుంది.

ఇలాంటి చోట ఎన్ని చచ్చాయన్న లెక్కతో పని జరగదు. ఎలుక చూలు మూడు వారాలు. ఈతకు ఆరేడు పిల్లలు, మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలూ ఈనడానికి సిద్ధం. మనింట్లో నాలుగు పోతే ఆ ఖాళీలోకి అటునుంచి నాలుగు దిగుతాయి. అందుకని ఇంటి ఎలుక విషయంలో మొదటి మార్కు కన్నాలు పూడ్చడానికే. దానికి తోడు బోను. మందు ఆఖరున, అదీ ఇంటి బయట. వచ్చేది పందికొక్కయితే మాత్రం ఈ వరస తిరగబడుతుంది.

వచ్చేదేమిటో ముందు తేల్చుకోండి

రాత్రి పడుకునే ముందు గోడవార, అటక మీద, తూము దగ్గర ముగ్గు పలచగా చల్లండి. రాతి ముగ్గే సుమా, బియ్యప్పిండి చల్లితే విందు పెట్టినట్టే. పొద్దున్న అడుగులు ఎటునుంచి ఎటు పడ్డాయో కనబడుతుంది. వాసాల మీద, గోడ మూలల్లో నల్లటి జిడ్డు చార ఉంటే అది రోజూ తిరిగే దారి.

రెట్ట సెంటీమీటరు దాటి, రెండు కొసలూ సన్నగా ఉంటే ఇంటి ఎలుక. ఇది పైనుంచి వస్తుంది: వాసాలు, తీగలు, కొబ్బరి మట్టలు. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. పునాది పక్కన కన్నం, దాని ముందు తోడిపోసిన మట్టి కుప్ప ఉంటే పందికొక్కు, ఇది కింద నుంచి వస్తుంది. ముక్కు సాగి, కంపు కొడుతూ గోడవార పరిగెత్తేది చుంచు. అది బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. దాని మీద మందు తగలేయక్కర్లేదు.

మందు, బోను పక్కపక్కన పెట్టి చూస్తే

దుకాణంలో "ఎలుకల మందు" అంటే ఒక్కో చోట ఒక్కో సరుకు చేతిలో పెడతారు. వాటిలో తేడా ప్రాణాంతకం. మైనం బిళ్ళల్లా వచ్చే బ్రోమాడియోలోన్ 0.005 శాతం మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక నాలుగు నుంచి ఏడు రోజుల్లో చస్తుంది. తిన్నదానికీ చావుకీ ఇంత ఎడం ఉండడం వల్ల మిగతావి అనుమానపడవు. పిల్లలో కుక్కో పొరపాటున తింటే విటమిన్ కె1 విరుగుడు ఉంది. నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడి కడుపులో విషవాయువుగా మారి గంటల్లో చంపుతుంది. కానీ కొంచెం తిని బతికిన ఎలుక మళ్ళీ ఆ ఎరను ముట్టదు. అందుకే ముందు రెండు మూడు రోజులు మందు లేని ఎర అలవాటు చెయ్యాలి. దీనికి విరుగుడు లేదు. ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టుకీ లేదు. అది తిన్న మనిషి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత కాలేయం దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ఈ పేస్టు ఇంట్లోకే రానివ్వకండి.

ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళను కన్నంలో వేసి మట్టి కప్పేవాళ్ళు కొందరున్నారు. 3 గ్రాముల బిళ్ళ నుంచి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. గోడలు కలిసిన ఇళ్ళలో ఆ వాయువు కన్నంలోనే ఆగదు, బీటల గుండా అవతల నిద్రపోతున్నవాళ్ళ గదిలోకి పోతుంది. ఇది ఎవరూ చెయ్యకూడని పని.

"మందు తిన్న ఎలుక దాహంతో బయటికి పోయి చస్తుంది" అన్న మాట నమ్మకండి. ఎక్కువగా గూట్లోనే చస్తుంది. గూడు మన అటక సందులో ఉంటే వారం పది రోజులు కంపు, ఈగలు. చచ్చినదాన్ని పిల్లో కుక్కో తింటే విషం వాటికీ ఎక్కుతుంది. పెరట్లో నాటుకోళ్ళు తిరిగే ఇంట్లో విడి ఎర పెట్టడం కోడిని పోగొట్టుకోవడమే. ఏ మందయినా మనిషి మింగాడని తెలిస్తే లక్షణాల కోసం ఆగకుండా, కక్కించే ప్రయత్నం చెయ్యకుండా, మందు డబ్బా చేతపట్టుకుని 108లో పెద్దాసుపత్రికి పోవాలి.

బోనులో ఈ గొడవలేవీ లేవు. చచ్చింది కళ్ళెదుట ఉంటుంది. పని ఎక్కువ, అంతే. జనం చేసే తప్పేమిటంటే, ఒకే ఒక్క బోను కొని, తెచ్చిన రాత్రే బిగించడం. ఎలుకకు కొత్త వస్తువంటే భయం. ఓ మాదిరి ఇంటికి ఆరు నుంచి పది స్ప్రింగు బోనులు కావాలి. రెండు మూడు రాత్రులు ఎర కట్టి, బిగించకుండా వదిలెయ్యండి. ఎర తినడం మొదలెట్టాక అన్నీ ఒకే రాత్రి బిగించండి. బోను గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడను తాకేలా పెట్టాలి. అటక మీద, వాసం మీద పెడితే తీగతో కట్టండి, లేకపోతే దెబ్బ తిన్న ఎలుక బోనుతో సహా కిందపడుతుంది. ఎరగా ఎండు నెత్తళ్ళు, ఎండుకొబ్బరి ముక్క, చల్లారిన పకోడీ, ఏదైనా దారంతో గట్టిగా కట్టాలి. ఊరికే పెడితే లాక్కుపోతుంది.

తీగల బోను పిల్లలున్న ఇంటికి క్షేమం. అయితే పట్టినదాన్ని వీధి చివర వదిలితే తిరిగొస్తుంది, దూరం తీసుకెళ్ళి వదిలితే ఇంకొకరి నెత్తిన పెట్టినట్టు. జిగురు అట్ట చిట్టెలుక వరకూ పట్టుకుంటుంది. పెద్ద ఎలుక వెంట్రుకలు వదిలేసి పోతుంది, లేదా రాత్రంతా అరుస్తూ చస్తుంది. జంతు సంక్షేమ మండలి కూడా వీటిని వద్దంటోంది. ప్లగ్గులో పెట్టే శబ్దం యంత్రాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: ఆ శబ్దం గోడ దాటదు, ఎలుక కొద్ది రోజుల్లో దానికి అలవాటు పడిపోతుంది.

కన్నాలు పూడ్చడం: చాకిరీ ఎక్కువ, ఫలితమూ ఎక్కువే

పెన్సిలు దూరే 6 మిల్లీమీటర్ల సందు చిట్టెలుకకు చాలు. ఎలుక పిల్లకు 12 మిల్లీమీటర్లు చాలు. ఈ లెక్కతో ఇల్లు చుట్టూ తిరిగితే తలుపు కింద సందు, కరెంటు తీగ వచ్చే గొట్టం, స్నానాలగది తూము, వంటింటి పొగకన్నం, అన్నీ దారులే. వరస ఇళ్ళలో అసలు రహదారి మాత్రం మధ్యగోడ నెత్తిన, వాసాల మధ్య ఉండే ఖాళీ. పగలు అటకెక్కి లైటు ఆర్పి చూడండి. పక్కింటి వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ దారి ఉన్నట్టు.

ఆ ఖాళీకి పావంగుళం గళ్ళున్న జి.ఐ. వెల్డ్‌మెష్ (జింకు పూత ఉన్న ఇనుప తీగల జాలీ) వాసాల వంపుకి తగ్గట్టు కత్తిరించి మన వైపు నుంచే బిగించవచ్చు. మధ్యగోడను తవ్వకుండా పని అయిపోతుంది కనుక పేచీ రాదు. అయినా ఒక మాట చెప్పి చెయ్యడం మర్యాద. కోళ్ళ జాలీ పనికిరాదు, గళ్ళు పెద్దవి. ప్లాస్టిక్ దోమల జాలీ ఒక్క రాత్రి పని. గొట్టం చుట్టూ సందులో గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు గట్టిగా కూరి, పైన సిమెంటు పూయండి. మామూలు ఇనుప పీచు కళింగపట్నం, భోగాపురం వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోతుంది. డబ్బాలో వచ్చే నురుగు, థర్మోకోల్ ఎలుక పళ్ళకు లెక్కే కాదు.

గోడ కన్నానికి ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ళు ఇసుక, అందులో గాజుపెంకులు కలిపి నాలుగంగుళాల లోతుకు దట్టించాలి. పైపైన పూసిన పూత నిలవదు. సాయంత్రం పూడిస్తే పచ్చి సిమెంటును రాత్రికే తోడేస్తాయి. పొద్దున్నే పూడ్చి, రాయి ఆనించి, రెండు మూడు రోజులు తడపండి. తలుపు అడుగున అల్యూమినియం పట్టీ కొట్టి సందును 6 మిల్లీమీటర్ల లోపుకు తేవాలి. ఇంటిని తాకే కొమ్మలు గజం దూరానికి నరకాలి. కొబ్బరిచెట్టుకయితే నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో 40 సెంటీమీటర్ల వెడల్పు రేకు చుట్టాలి. మట్టలు కప్పును తాకుతుంటే మాత్రం రేకు వృథా.

క్రమం తప్పితే ఇదంతా బెడిసికొడుతుంది. ఒక్కరోజులో అన్నీ మూసేస్తే లోపల చిక్కినవి తలుపులు, తీగలు కొరుకుతాయి. ఒక్క దారి ఉంచి మిగతావి మూసి, ఆ దారి చుట్టూ బోనులు పెట్టండి. వరసగా మూడు రాత్రులు ముగ్గు మీద అడుగు పడకపోతే ఆఖరిదీ మూసెయ్యండి. తర్వాత రెట్టలు పొడిగా ఊడవకండి. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లి, పది నిమిషాలాగి, చేతులకు తొడుగులతో తుడవండి. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం చిన్న గాటు గుండా కూడా ఎక్కుతుంది.

పందికొక్కు దగ్గర మందే ముందు

దీనికి పైకప్పుతో పని లేదు. పక్క ఖాళీ జాగాలో కలుగు తవ్వి, పునాది కింద నుంచి మన గచ్చు గుల్ల చేస్తుంది. దాన్ని ఉండనిచ్చి కన్నం పూడిస్తే పక్కనే ఇంకోటి తవ్వుతుంది. పిల్లి దాని జోలికి పోదు. చిన్న బోను పగలగొట్టుకుని పోతుంది.

సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసెయ్యండి. పొద్దున్నకి తెరుచుకున్నవే అది ఉంటున్న కలుగులు. పొలాల్లో రైతులు వాడే పాళ్ళే ఇక్కడా: 96 గ్రాముల నూకలు, 2 గ్రాముల నూనె, 2 గ్రాముల 0.25 శాతం బ్రోమాడియోలోన్ పొడి. 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి, కర్రతో కలుగులోకి బాగా లోపలికి తోసి, మూతి మట్టితో మూయాలి. అప్పుడు కోళ్ళకీ కుక్కలకీ అందదు. వారం తర్వాత మళ్ళీ మూసి చూడండి. తెరుచుకున్నవాటికి ఇంకో పొట్లం. ఏదీ తెరుచుకోనప్పుడే తవ్వి కాంక్రీటుతో దట్టించాలి. మళ్ళీ రాకుండా గోడవార అడుగున్నర లోతు గాడి తీసి, వెల్డ్‌మెష్ దించి, కింది అడుగు భాగం బయటికి వంచి పూడిస్తే సరి. జాగా పక్కవాళ్ళదయితే వాళ్ళ అనుమతి లేకుండా అటు మందు పెట్టకండి. వాళ్ళ ఆవో కుక్కో చస్తే మాట మన మీదికి వస్తుంది.

పొరుగువాళ్ళతో మాటా, అర్జీయా?

మాట ముందు. "మీ ఎలుకలు" అని మొదలెడితే అక్కడే తెగుతుంది. "మామయ్యా, మీ అటక మీది పాత గోనెలు, గడ్డి తీయించండి, కూలి సగం మేం పెట్టుకుంటాం" అంటే చాలాచోట్ల తాళంచెవి చేతికొస్తుంది. గోదామువాళ్ళని అడగాల్సింది బస్తాలు నేల నుంచి అరడుగు ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టమని. అప్పుడు వెనక గూడు పెట్టదు, పెట్టినా కనబడుతుంది.

అర్జీ చెత్త జాగాల విషయంలో పనికొస్తుంది, తాళం వేసిన ఇంటి లోపలి ఎలుకలకు అంతగా కాదు. తేదీతో ఫొటోలు తీసి మీ ఊరి, వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శికి కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. ఆ పైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 133) కింద ఆర్డీఓ జాగా శుభ్రం చేయమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. అది నలుగురికీ చేటు చేసే వాటికి కనుక, ఒక్క ఇంటి సంతకంతో బలం ఉండదు. వీధిలో ఐదారిళ్ళవాళ్ళు కలిసి పెట్టాలి.

వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో అయ్యాక పొలం ఎలుకలు కూడా ఊరివైపు మళ్ళుతాయి. జాలీ పని దసరా, దీపావళి మధ్య ముగిస్తే మంచిది. ఆ నెలల్లోనే తుపాన్లూ వస్తాయి గనక, గాలి తగ్గిన మర్నాడు పెంకులు సర్దించేటప్పుడు మధ్యగోడ మీది జాలీ కూడా ఒకసారి చూసుకోమని మేస్త్రీకి చెప్పండి.