పొగ పెట్టి లీకు పట్టే పెట్టె: డెల్టాలో మెకానిక్ షెడ్డుకి పనికొస్తుందా?

వెనక సీట్లో పెట్రోల్ వాసన, ఫుల్ ట్యాంకు కొట్టించిన వెంటనే స్టార్టింగ్ మొరాయించడం, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు. ఈ మూడింటికీ ఒకటే మందు అన్నట్టు ఆన్‌లైన్‌లో స్మోక్ మెషీన్లు అమ్ముతున్నారు. ఇక్కడ చెప్పేది వాటిలో చవక రకం గురించి: రేకు డబ్బా, లోపల హీటరు, బ్యాటరీకి తగిలించే రెండు క్లిప్పులు, ఒక గేజీ, గాలికి ఒక నాబు, సైజుకొక రబ్బరు కోను. షెడ్డుకైతే కొనొచ్చు. దాని గేజీని మాత్రం నమ్మొద్దు, బండి కంప్యూటరు చూపే లీకు కోడ్‌ల (లోపం నంబర్ల) కోసమే అయితే అసలు కొనొద్దు.

యూట్యూబులో ఈ పెట్టెలతో పని చేసేవాళ్లు ఎక్కువగా అమెరికా వాళ్లు. ట్యాంకులో లేచే పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా కెనిస్టర్, దానికి బయటి గాలి తగిలే మూతి వెంటు. అక్కడి బళ్లలో ఆ వెంటుకి ఒక వాల్వు, ట్యాంకుకి ఒక ప్రెషర్ సెన్సరు ఉంటాయి. బండి తనంతట తానే వెంటు మూసి, ట్యాంకు ఒత్తిడి నిలబడుతోందా లేదా చూసుకుంటుంది. అర మిల్లీమీటరు బెజ్జం ఉంటే పి0456, ఒక మిల్లీమీటరైతే పి0442, పెద్ద లీకైతే పి0455 పడతాయి. మన బీఎస్ 6 కాలుష్య రూలు యూరప్ దారిలో నడిచింది. కెనిస్టర్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వుకి కరెంటు సర్క్యూటు తెగిందా లేదా చూస్తే చాలంటుంది. అందుకే ఇక్కడ అమ్మే బళ్లలో ఎక్కువ వాటికి వెంటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ట్యాంకు సెన్సరు ఉండదు, లీకు కోడ్ రాదు. వచ్చేవి పి0443, పి0444, పి0458, పి0459 లాంటి వాల్వు సర్క్యూటు కోడ్‌లు, లేకపోతే గాలి, పెట్రోల్ మిశ్రమం తేడా చెప్పే పి0171, పి0172. సర్క్యూటు కోడ్‌కి పొగ పెట్టి లాభం లేదు, మల్టీమీటరు తియ్యాలి.

కోనసీమ నుంచి నరసాపురం దాకా సముద్రం వారనున్న ఊళ్లలో, రొయ్యల చెరువుల మధ్య తిరిగే బళ్లలో ఆ మీటరు పనే ఎక్కువ. ఉప్పుగాలికి పర్జ్ వాల్వు కనెక్టరు పిన్నులకి పచ్చ చిలుం పడుతుంది. కనెక్టరు పీకి వాల్వు రెండు పిన్నుల మధ్య ఓములు చూడండి. చాలా బళ్లలో 20 నుంచి 30 లోపు వస్తుంది, మీ మోడల్ మాన్యువల్ అంకె ఇంకా మంచిది. వాల్వు బాగుండి కోడ్ పోకపోతే చిలుం గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇగ్నిషన్ ఆన్‌లో వైరు వైపు కనెక్టరులో ఒక పిన్నుకి బ్యాటరీ వోల్టేజి వస్తోందా చూడండి. ఇది చూడకుండా కొత్త వాల్వు వేసి, కోడ్ చెరిపి పంపితే బండి మళ్లీ షెడ్డుకే వస్తుంది.

వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోతే పట్టుకోడానికీ పెట్టె అక్కర్లేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వు కనెక్టరు పీకేసి, కెనిస్టర్ వైపు గొట్టం ఊడదీసి, వాల్వు మూతి మీద వేలు పెట్టండి. కరెంటు లేని వాల్వు మూసి ఉండాలి. వేలిని లాగుతోందంటే పోయినట్టే. ఫుల్ ట్యాంకు తర్వాత స్టార్టింగ్ కష్టమయ్యే జబ్బుకి ఎక్కువసార్లు మూలం ఇదే. చవక బ్లూటూత్ స్కానరున్నా చాలు: ఆ బండిలో షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు అప్పటికప్పుడు పెట్రోల్‌ని పెంచే, తగ్గించే శాతం) మైనస్ 10 దాటి కిందికి పోయి, ఆ గొట్టం నొక్కిపడితే సున్నా వైపు తిరిగి వస్తుంది. పాత వాల్వుని తెల్ల కాగితం మీద తట్టి చూడండి. నల్ల పొడి రాలితే కెనిస్టర్ లోపల పగిలి బొగ్గు బయటికొస్తోంది. వాల్వొక్కటే మారిస్తే ఆ పొడి కొత్తదాన్నీ పాడుచేస్తుంది. కెనిస్టర్ కూడా మార్చి, మధ్య గొట్టం ఊడదీసి గాలి కొట్టాలి.

వాసన ఉంది, వాల్వు బాగుంది, ట్యాంకు మూత వాచరు పగల్లేదు, అయినా ఎక్కణ్ణుంచో తెలియడం లేదు. పెట్టె పని అక్కడ మొదలవుతుంది.

ఈ పెట్టెలతో పెద్ద చిక్కు ప్రెషరే. ఆవిరి లైన్లకి అర పీఎస్ఐ సరిపోతుంది, ఒకటి దాటకూడదు. చవక పెట్టెల మీద సాధారణంగా 1 బార్ దాకా ఉండే గేజీ పెడతారు. అందులో అర పీఎస్ఐ అంటే 0.034 బార్, ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. కంప్రెసర్ గాలి నాబు మీద కొంచెం ఎక్కువ పడితే కెనిస్టర్ అతుకులు, ట్యాంకు సీళ్లు ఊడతాయి, లేని లీకు మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. దీనికి తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక పైపు తెచ్చుకోండి. యూ ఆకారంలో గోడకి కట్టి, సగం దాకా రంగునీళ్లు పోసి, పెట్టె నుంచి బండికి వెళ్లే గొట్టంలో టీ జాయింటు పెట్టి ఒక కొస దానికి కలపండి. రెండు వైపుల నీళ్ల మట్టాల మధ్య తేడా 35 సెంటీమీటర్లుంటే అర పీఎస్ఐ, 70 అయితే ఒకటి. పైపు 70 సెంటీమీటర్ల ఎత్తే ఉంచితే నాబు చెయ్యి జారినప్పుడు నీళ్లు బయటికి చిమ్మి ప్రెషర్ అక్కడే పోతుంది. ఇంత నమ్మకమైన సేఫ్టీ వాల్వు పెట్టెతో రాదు.

ఇక పొగ పెట్టడం. ట్యాంకు సగం నుంచి ముప్పావు మధ్య ఉంటే మంచిది. ఖాళీ ట్యాంకు పొగతో నిండడానికి చాలాసేపు పడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యొద్దు, వేడెక్కిన పెట్రోలే ఆవిరి తోసి లెక్క తప్పిస్తుంది. తెల్లవారి, ఇంజిన్ చల్లగా ఉండగా చెయ్యాలి. గాలికి సన్నటి పొగ కనబడదు కాబట్టి షెడ్డులో ఫ్యాను ఆపండి. డబ్బాలో పొగ పుట్టించే బేబీ ఆయిల్ గుర్తు దాకానే పొయ్యాలి. ఎక్కువైతే పొగకి బదులు నూనె తుంపర వెళ్లి కెనిస్టర్ బొగ్గుని తడిపేస్తుంది. పెట్టె తగిలించడానికని విడిగా ఇచ్చే సర్వీసు పోర్టు మన బళ్లలో సాధారణంగా ఉండదు, పర్జ్ వాల్వు దగ్గర కెనిస్టర్ వైపు గొట్టం ఊడదీసి అందులో కోను దూర్చండి.

మొదట వెంటు తెరిచే ఉంచండి. పొగ వెంటు నుంచి బయటికొస్తే దారి బాగున్నట్టు. రాకపోతే అడ్డముంది. తర్వాత వెంటు గొట్టానికి రబ్బరు బిరడా కొట్టి, ప్రెషర్ అర పీఎస్ఐ దగ్గర ఉంచి, బలమైన టార్చిని ఏటవాలుగా వేస్తూ మూత, ఫిల్లర్ పైపు, ట్యాంకు పైన పంపు సీలు, కెనిస్టర్ గొట్టాలు వరసగా చూడండి. అయిదు నిమిషాలు ఆగాలి. పొగ కనబడకపోయినా నాబు మూశాక పైపులో నీళ్లు దిగిపోతుంటే లీకు ఉన్నట్టే. పెట్టె గొట్టం కొస మూసి అది తనంతట తాను ప్రెషర్ నిలుపుతోందా అన్నది ముందే చూసుకోండి, లేకపోతే పెట్టె లీకుని బండి లీకనుకుంటారు.

జాగ్రత్త ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. ట్యాంకులో ఆవిరి ఉంది, పెట్టెలో హీటరు ఉంది, క్లిప్పు తగిలిస్తే నిప్పురవ్వ వస్తుంది. పెట్టెని ట్యాంకుకి దూరంగా, విడి బ్యాటరీ మీద నడపండి. గాలి కన్నా నైట్రోజన్ మేలు, కంప్రెసర్‌కి బదులు రెగ్యులేటరున్న నైట్రోజన్ సిలిండరు పెట్టుకోగలిగితే అది పెట్టుకోండి. ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. గ్యాస్ వెల్డింగుకీ, చేప పిల్లల ప్యాకింగుకీ మన వైపు ఆక్సిజన్ సిలిండర్లు అందుబాటులో ఉంటాయి కదా అని తగిలిస్తే పేలుతుంది.

డెల్టాలో పొగ ఎక్కడ తేలుతుందో కూడా ముందే ఊహించుకోవచ్చు. వెనక చక్రం పైన ఫిల్లర్ పైపుకి రేగడి ముద్ద అంటుకుని తేమ ఆరదు, రేకు పైపైతే అక్కడే తుప్పు తింటుంది. సార్వా కోతలయ్యాక చేల మీది ఎలకలు షెడ్లలోకి, ఇళ్లలోకి చేరి సన్నటి ఆవిరి గొట్టాలు కొరుకుతాయి. వెంటు మూతిలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. అప్పుడు మూత తీస్తే బుస్సుమంటుంది, బంకులో నాజిల్ మాటిమాటికీ కట్టవుతుంది. కాలవ గట్టు మీద నీళ్లలో నడిపిన బండికి వెంటు గొట్టంలోంచి నీళ్లు కెనిస్టర్‌లోకి వెళ్తాయి. ఎండబెట్టి వాడడం దండగ, మార్చడమే. వీటన్నిటికన్నా ఎక్కువ కెనిస్టర్లని పాడుచేసేది బంకులో రౌండ్ ఫిగర్ సరదా. నాజిల్ కట్టయ్యాక ఇంకో వంద కొట్టించుకుంటే పెట్రోల్ ద్రవమే ఆవిరి గొట్టంలోకి ఎక్కి బొగ్గుని నానబెడుతుంది.

ఆవిరి లైన్లకే వాడితే ఈ పెట్టె నెలలో ఎక్కువ రోజులు మూలన పడుంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డు, ఎగ్జాస్టు, టర్బో గొట్టాల లీకులకి రోజూ అక్కరకొస్తుంది, షెడ్డుకి కొనమన్నది అందుకే. కారు ఓనరు కొనక్కర్లేదు. ఓనరు అడగవలసింది ఒక్కటే: కెనిస్టర్ మార్చాలని అంటే పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించమనండి, పాత వాల్వుని తెల్ల కాగితం మీద తట్టించండి.