హిప్స్‌కి సరిపోయిన జీన్స్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నా నడుము 38 అంగుళాలు, హిప్స్ 51. మధ్యలో ఉన్న ఆ 13 అంగుళాల తేడాతోనే వచ్చింది చిక్కంతా. షాపుల్లో, ఆన్‌లైన్‌లో కనిపించే సైజు చార్టులు తిరగేయండి, నడుముకీ హిప్స్‌కీ మామూలుగా 9, 10 అంగుళాల తేడానే ఉంటుంది. అందుకే నాకు నడుం కొలతతో కొన్న జీన్స్ తొడల దగ్గరే ఆగిపోతుంది. తొడలకి ఎక్కిందేమో నడుం వెనక చెయ్యి దూరేంత ఖాళీ వదులుతుంది. బెల్ట్ బిగిస్తే గుడ్డ కుచ్చులు పడి వెన్నుపూస మీద గుచ్చుకుంటుంది తప్ప ఆ ఖాళీ పోదు. లావుగా ఉండి నడుం దగ్గర వంపు ఎక్కువగా ఉన్న ఆడవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు.

నేను రాస్తున్నది విశాఖలో ఆఫీసుకీ, సిటీ బస్సుకీ, ఊరి ప్రయాణాలకీ ఏళ్ల తరబడి వేసుకుంటున్న ఒక హై రైజ్ స్ట్రెయిట్ కట్ జీన్స్ గురించి. దాని కంపెనీ పేరు చెప్పినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఒకే పేరుతో ఉన్న మోడల్‌కి కూడా గుడ్డ, కట్ మారిపోతూ ఉంటాయి. లోపలి లేబుల్ ఎలా చదవాలో, ఎక్కడ టేపు పెట్టి కొలవాలో తెలిస్తే ఏ షాపులోనైనా పని జరుగుతుంది.

దీని లేబుల్ మీద 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్ అని ఉంది. స్పాండెక్స్ అన్నా లైక్రా అన్నా అదే దారం, లైక్రా అనేది బ్రాండు పేరు. గుడ్డ చేతికి కాస్త మందంగా తగులుతుంది. రైజ్ 12 అంగుళాలు. రైజ్ అంటే కాళ్ల మధ్య నాలుగు కుట్లూ కలిసే చోటు నుంచి ముందు బటన్ పైదాకా ఉన్న కొలత. పొట్ట, హిప్స్ ఉన్నవాళ్లు సైజు నంబరు కంటే ముందు చూడాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం. 9 అంగుళాల రైజ్ ఉన్న జీన్స్ నాకు పొట్ట కింద ఆగుతుంది, కూర్చోగానే వెనక జారుతుంది, రోజంతా పైకి లాక్కోవడమే పని. 12 అంగుళాలది బొడ్డు మీదకి వచ్చి, నడుం ఎక్కడ సన్నగా ఉందో అక్కడ కూర్చుంటుంది. అక్కడ పట్టు దొరికాక ఇక జారదు.

నడుం పట్టీ కూడా చూసుకోవాలి. చాలా జీన్స్‌లో అది నిటారుగా కోసిన ఒకే ముక్క. బల్ల మీద పరిస్తే స్కేలులా ఉంటుంది. నాకు సరిపోయిన దాంట్లో పట్టీని వంపుగా కోసి, వెనక మధ్యలో అతికారు. పరిచి చూస్తే రెండు చివరలూ పైకి తిరిగి చంద్రవంకలా కనిపిస్తుంది. పై అంచు కింది అంచు కంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి ఒంటికి అంటుకుని ఉంటుంది. ట్రయల్ రూమ్‌కి వెళ్లే ముందే ఇది చూసుకుంటే సగం జీన్స్‌ని అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

ట్రయల్ రూమ్‌లో అందరం అద్దం ముందు నిలబడి చూసుకుంటాం. నిలబడితే ఏ జీన్స్ అయినా బాగానే ఉంటుంది. నేను మాత్రం లోపల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. మనం ఇంట్లో కిందే కూర్చుంటాం, గుళ్లో కిందే కూర్చుంటాం, వ్రతానికి వెళ్తే గంటల తరబడి కిందే. అలా కూర్చున్నప్పుడు బటన్ పొట్టలోకి గుచ్చుకోకూడదు, వెనక లోపలి బట్టలు బయటపడకూడదు, మోకాళ్ల దగ్గర రక్తం ఆగినట్టు ఉండకూడదు. తర్వాత ఒక కాలు బస్సు మెట్టు అంత ఎత్తు లేపి చూస్తాను. తొడ దగ్గర గుడ్డ బిగిసి అడ్డంగా గీతలు పడితే ఒక సైజు పెద్దది అడుగుతాను. ఈ జీన్స్ ఆ రెండు పరీక్షలూ మొదటి రోజే నెగ్గింది. ఇప్పుడు కూడా వేసుకుని కింద కూర్చుని కూరగాయలు తరుగుతాను.

అయితే వంపు పట్టీ ఉన్నా 13 అంగుళాల తేడాని ఏ కంపెనీ రెడీమేడ్‌గా పూర్తిగా పట్టుకోలేదు. హిప్స్‌కీ తొడలకీ సరిపోయేది కొని, నడుం టైలర్ చేత తగ్గించుకోవడమే దారి. మా వీధి చివర మాస్టారు ఉన్నారు. వెనక మధ్య కుట్టు దగ్గర లాగేయమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. “అమ్మా, అంగుళం దాటి మధ్యలో లాగితే వెనక జేబులు రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. పట్టీ విప్పి రెండు పక్కలా చిన్న డార్ట్‌లు వేసి మళ్లీ కుడతాను, ఒక రోజు టైమ్ ఇవ్వండి” అన్నారు. డార్ట్ అంటే గుడ్డని లోపలికి కోణంగా మడిచి వేసే కుట్టు. చెప్పినట్టే బెల్ట్ లూపుల కింద డార్ట్‌లు వచ్చేలా కుట్టారు, ఎక్కడ తగ్గించారో వెతికినా కనపడదు. కోసేయకుండా మిగులు గుడ్డని లోపలే మడిచి ఉంచమని తప్పకుండా చెప్పండి. ఒళ్లు కాస్త వచ్చినప్పుడు కుట్టు విప్పుకోవచ్చు, నాకు ఒకసారి అది అక్కరకొచ్చింది.

పొడవు విషయం చిన్నదే. పెద్ద సైజు కొంటే కాళ్ల పొడవు కూడా పెరిగి వస్తుంది, నా ఎత్తు మాత్రం 5 అడుగుల 2 అంగుళాలే. ఒకసారి ఉతికి ఆరేశాకే కత్తిరించమనండి, కాటన్ మొదటి ఉతుకులో కొంచెం ముడుచుకుంటుంది.

ఇక అరుగుదల. తొడలు రాసుకునేవాళ్లకి జీన్స్ ముందుగా పోయేది లోపలి తొడల దగ్గర. మోకాళ్లు, జేబులు కొత్తవాటిలా ఉంటాయి, అక్కడ మాత్రం నీలం పోయి తెల్ల దారాలు తేలతాయి. డెనిమ్‌లో నిలువు దారానికి మాత్రమే నీలం వేస్తారు, అదీ పైపైనే అంటుకుంటుంది, అడ్డ దారం తెల్లగానే ఉంటుంది. కాబట్టి తెలుపు కనపడిందంటే గుడ్డ పల్చబడుతోందని అర్థం. చిరిగేదాకా ఆగకూడదు. ఆ దశలోనే మాస్టారు లోపలి నుంచి పాత జీన్స్ గుడ్డ ముక్క పెట్టి, గుడ్డ రంగు దారంతో పైన దగ్గరదగ్గరగా మెషిన్ కుట్లు వేశారు. ఆ తర్వాత కూడా చాలా కాలంగా ఆడుతోంది. ఇస్త్రీ పెట్టె వేడితో అంటించే ప్యాచ్ జోలికి మాత్రం పోవద్దు. దాని గట్టి అంచు తొడ మీద రాసుకుని చర్మం మండిపోతుంది.

విశాఖ ఉక్కపోతలో ఇది హాయిగా ఉంటుందా అంటే, మే నెలలో ఉండదు. ఆ రోజుల్లో లోపల మోకాలి పైదాకా వచ్చే పల్చటి కాటన్ షార్ట్స్ వేసుకుంటాను. చెమట అది పీల్చుకుంటుంది, ఒరుపు రాదు. వానాకాలంలో ఆరడం ఇంకో సమస్య. నడుం పట్టీ, జేబులు రెండో రోజుకి కూడా తడిగానే ఉంటాయి, తిరగేసి ఫ్యాన్ కింద వేయాల్సిందే. వేడి నీళ్లు, డ్రయర్ మాత్రం వాడను. ఎలాస్టేన్ వేడికి పట్టు కోల్పోతుంది, తర్వాత మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుతుంది.

నా బీరువాలో దీని పక్కన ఉన్న మిగతావాటి గురించి రెండు ముక్కలు. సాగుడు బాగా ఉన్న జెగ్గింగ్స్ లాంటిది పొద్దున వేసుకుంటే ఒంటికి అతికినట్టు ఉంటుంది, సాయంత్రానికి వదులైపోతుంది. పైగా పొట్ట మీద మడతలన్నీ చూపిస్తుంది. నూటికి నూరు శాతం కాటన్‌ది నడవడానికి మంచిదే కానీ కింద కూర్చోనివ్వదు. రేయాన్ కలిసినది చల్లగా, మెత్తగా ప్రాణానికి సుఖంగా ఉంటుంది, తొడల దగ్గర మాత్రం అన్నిటికంటే త్వరగా అరిగింది. రోజూ వేసుకోవడానికి 98కి 2 ఉన్నదే నా ఓటు.

ఎక్కడ వెతకాలంటే, వెస్ట్‌సైడ్ బట్టల షాపుల్లో జియా అని పెద్ద సైజుల కోసం విడిగా ఒక లైన్ ఉంది. లీవైస్ 2010లో కర్వ్ ఐడీ పేరుతో, నడుం నంబరుతో పాటు నడుముకీ హిప్స్‌కీ ఉన్న తేడాని బట్టి స్లైట్, డెమి, బోల్డ్ అని మూడు కట్‌లు తెచ్చింది. ఆ ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది. 44 హిప్స్ ఉన్నా 51 ఉన్నా నడుం 38 అయి ఉండొచ్చు కదా, ఒకే నంబరు ఇద్దరికీ ఎలా సరిపోతుంది?

మన దేశానికి సొంత సైజు చార్టు కోసం నిఫ్ట్ అనే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ ఇండియాసైజ్ అనే సర్వే తలపెట్టింది. ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల మధ్య 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం, ఆ ఆరింటిలో హైదరాబాద్ కూడా ఉంది. ఆ కొలతలు షాపుల దాకా రావాలని నేను నిజంగా ఎదురుచూస్తున్నాను. ఈలోగా కంపెనీలు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. లేబుల్ మీద నడుం నంబరు పక్కన హిప్ కొలత, రైజ్ కూడా అచ్చు వేయాలి. ఆన్‌లైన్‌లో ఆ రెండూ రాయని జీన్స్‌ని నేను కార్ట్‌లో వేయను. వెనక్కి పంపే వీలు ఉన్నా సరే.

ఈ జీన్స్ ఇంకా వాడుతున్నాను. తొడల దగ్గర రెండోసారి ప్యాచ్ పడింది, కుడివైపు బెల్ట్ లూపు ఒకటి ఊడితే మళ్లీ కుట్టించాను, జిప్ ఇప్పటికీ మొదటిదే. ఇదే కొలతల్లో నలుపు దొరికితే ఇంకోటి కొంటాను.