158, 152: నా రెండు స్నోబోర్డులు, అయిదు చలికాలాల వాడకం తర్వాత

కూకట్‌పల్లిలో మా స్టోర్‌రూమ్ గోడకి రెండు స్నోబోర్డులు, అంటే మంచు వాలు మీద నిలబడి జారే పలకలు, ఆనించి ఉంటాయి. ఒకటి 158 సెంటీమీటర్ల ట్విన్, అంటే ముక్కూ తోకా ఒకే కొలత. కొని అయిదు చలికాలాలైంది. రెండోది 152, పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. దాన్ని మూడేళ్లుగా వాడుతున్నాను. ఏటా జనవరి చివర్లో శంషాబాద్‌లో విమానమెక్కి గుల్మార్గ్ వెళ్లి ఎనిమిది రోజులు ఉంటాను. కింద రాసిందంతా అక్కడి మంచు మీద తెలుసుకున్నదే.

నా బరువు 74 కిలోలు, బూటు సైజు 9. ఈ రెండు అంకెలు తెలియకపోతే నా మాట మీకు పనికిరాదు. చాలామంది బోర్డుని పక్కన నిలబెట్టి, గడ్డం దాకా వస్తే సరిపోయిందనుకుంటారు. నేనూ అలాగే కొన్నాను. నిజానికి పొడవు చూసుకోవాల్సింది బరువుని బట్టి, వెడల్పు చూసుకోవాల్సింది పాదాన్ని బట్టి.

ముందు 158 సంగతి. ఇది కాంబర్ బోర్డు. నేల మీద పెడితే మధ్యలో విల్లులా లేచి ఉంటుంది. ఎక్కి నిలబడగానే ఆ వంపు అణిగి, అంచు పొడవునా మంచుని పట్టుకుంటుంది. పొద్దున్నే, యంత్రంతో చదును చేసిన వాలు మీద దువ్వెనతో గీసినట్టు సన్నటి చాళ్లు ఉంటాయి. రాత్రి చలికి అవి గట్టిపడి ఉంటాయి. అలాంటప్పుడు 158 మీద మలుపు తీసుకుంటే రైలు పట్టాల మీద పోతున్నట్టే ఉంటుంది. వేగం పెరిగినా వణకదు. నడుము, అంటే బోర్డు మధ్యలో సన్నటి చోటు వెడల్పు, 25.4 సెంటీమీటర్లే కాబట్టి ఒక అంచు నుంచి రెండో అంచుకి చటుక్కున మారుతుంది.

అదే బోర్డుతో మొదటి ఏడాది గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ మీద దిగాను. మోకాలి లోతు తాజా మంచు. నాలుగో మలుపులో ముక్కు మునిగింది, నేను తలకిందులయ్యాను. లేద్దామని చేతులు ఆన్చితే భుజం దాకా దిగబడిపోతున్నాయి. రెండు కాళ్లూ బోర్డుకి బిగించే ఉన్నాయి. చాలా టెన్షన్ పడ్డాను. చివరికి వెనక కాలి బైండింగ్ (బూటుని బోర్డుకి బిగించే పట్టీ) విప్పి, బోర్డునే పీటలా వాడుకుని లేచాను. ఆ తర్వాత ముక్కు పైకి ఉంచడానికి బరువంతా వెనక కాలి మీదే వేశాను. కిందికి చేరేసరికి తొడ మండిపోయింది. మర్నాడు బైండింగ్స్ రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపితే కొంత నయమైంది, అంతే.

152 తీసుకున్నాక ఆ మంట పోయింది. దీని నడుము 26.8. ముక్కు తోక కంటే రెండు సెంటీమీటర్లు వెడల్పు. దీన్నే టేపర్ అంటారు. లోతు మంచులో సన్నటి తోక దిగుతుంది, వెడల్పాటి ముక్కు దానంతటదే లేస్తుంది. నేను మధ్యలో హాయిగా నిలబడితే చాలు. పొట్టి బోర్డు మునగదా అని అడుగుతారు. మోసేది పొడవొక్కటే కాదు, మంచు మీద పరుచుకున్న మొత్తం వైశాల్యం. పైన్ చెట్ల మధ్య ఇది తిరిగే తీరు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చదును మంచు మీద మాత్రం దీనితో నాకు పడదు. మంచుని పట్టుకునే అంచు పొడవు తక్కువ. కాస్త వేగం అందుకోగానే ముక్కు దడదడలాడుతుంది, ఆ అదురు మోకాళ్లకి తగులుతుంది. వెడల్పు వల్ల అంచు మారడానికీ ఆలస్యమే. మలుపు చివర్లో తోక జారిపోతుంది. తోక ముందుకి పెట్టి నడపడం దాదాపు మానేశాను.

పోయినేడు మా బావమరిది వచ్చాడు. 95 కిలోల మనిషి. తాజా మంచులో నా 152 ఇచ్చాను. వంద మీటర్లు పోకముందే ఆగిపోయి, "బావా, ఇది నన్ను మొయ్యట్లేదు" అన్నాడు. నన్ను తేల్చే బోర్డే అతన్ని ముంచింది. కాబట్టి ఎవరైనా ఫలానా సైజు బాగుందంటే ముందు వాళ్ల బరువు అడగండి.

ఇక్కడి వానాకాలం గురించి ఒక మాట. మొదటి ఏడాది తడి పూర్తిగా ఆరకుండానే సంచిలో పెట్టి జిప్ వేశాను. ఆగస్టులో తీస్తే ఉక్కు అంచులన్నీ తుప్పు. ఇప్పుడు బాగా ఆరబెట్టి, అడుగునా అంచులకీ మందంగా వ్యాక్స్ పట్టించి, జనవరి దాకా గీకకుండా వదిలేస్తున్నాను. మళ్లీ తుప్పు రాలేదు.

ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లు రెండు కొనక్కర్లేదు. నా బరువు వాళ్లయితే 156 చాలు. కాళ్ల కింద కాంబర్, కాస్త లేచిన ముక్కు, ఒక సెంటీమీటరు టేపర్ ఉన్న డైరెక్షనల్ బోర్డు, అంటే ముక్కు ముందుండేలా నడపడానికి చేసినది, చూడండి. అది చదును మంచులో, లోతు మంచులో, రెండింట్లోనూ మొదటి ర్యాంకు కాదు గానీ ఎక్కడా మోసం చెయ్యదు. నేను మాత్రం రెండూ ఒకే సంచిలో పెట్టి మోస్తూనే ఉంటాను. బైండింగ్స్‌తో కలిపి 12 కిలోలు. మా బావమరిది ఈసారికి 164 వైడ్ కొనుక్కున్నాడు.